కడిగి బోర్లించిన కంచం

"చచ్చిపోయిన మనిషి కిటికీలోంచి మాట్లాడితే, ఆ ఇల్లు కొనొచ్చా మేడమ్?"

ఆఫీసు తాళం తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్న అమ్మాయి నన్ను అడిగిన మొదటి మాట అది. పేరు కెజియా. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చేసింది. పోలీసు ఉద్యోగం వదిలేసి ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక జనం నన్ను చాలా అడిగారు. పెళ్ళికొడుకు తాగుతాడా అని, వ్యాపారంలో భాగస్వామి మోసం చేస్తున్నాడా అని. ఇలాంటి ప్రశ్న మాత్రం ఇదే మొదలు.

"విజయకుమారి గారంటే మీరే గదా? మా వార్డులో ఆయా చెప్పింది, మీరు నవ్వరని."

"నవ్వను. లోపలికి రా. మొదటినుంచి చెప్పు, ఒక్కటీ వదలకుండా."

చెప్పింది. ఇల్లు కోట దాటాక సముద్రం పక్కన, దిబ్బలపాళెంలో. ఇంటావిడ ఆదిశేషమ్మ, భర్త పోయిన మనిషి. రెండు నెలల క్రితం కంటి ఆపరేషన్‌కని చెన్నై వెళ్ళి అక్కడే చనిపోయిందట. ఆమె పెంచుకున్న కొడుకు పెంచలకృష్ణ ఇల్లు అమ్ముతున్నాడు. బ్రోకర్ మాలకొండయ్య. అడ్వాన్సు ఇచ్చేసింది. మధ్యాహ్నం రెండు గంటలకు రిజిస్ట్రేషన్. అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు. వాళ్ళమ్మ సామాను మూటలు కట్టుకుని వాటి మీదే కూర్చుని ఉంది.

"నిన్న సాయంత్రం కిటికీలకు దోమల మెష్ కొలత తీసుకుందామని ఒక్కదాన్నే పోయినా మేడమ్. వెనకవైపు కిటికీలో ఒక ముసలామె కూర్చోనుంది."

"వెలుతురుందా?"

"ఉంది. ఇంకా పొద్దు గూకలేదు."

"ఏమంది?"

"'ఎవురదీ' అనింది. ఇల్లు కొనుక్కుంటున్నాం అని చెప్పినా. 'కొనబాకమ్మా, ఇది నా ఇల్లు' అనింది. మొహం నా వైపు తిప్పిందిగానీ నన్ను చూడలా. నా పక్కన ఎవరో ఉన్నట్టు అటు చూసింది."

"నువ్వేం చేశావు?"

"టేపు ఆడనే పడేసి పరిగెత్తినా. పక్కింటామె ఎదురొచ్చింది. ఆమే చెప్పింది, ఆ పోలిక ఆదిశేషమ్మదని, ఆమె పోయి రెండు నెలలయిందని. బ్రోకరుకు ఫోన్ చేస్తే నవ్వినాడు."

"నర్సువి. చచ్చినవాళ్ళను చూసే ఉంటావు."

"చూసినాను మేడమ్. వాళ్ళు మాట్లాడరు."

ఆ మాటతో ఆ పిల్ల నాకు నచ్చింది.

ఇల్లు ఎన్నిసార్లు చూశావంటే రెండుసార్లు అంది, రెండుసార్లూ బ్రోకర్ వెంటనే. పక్కవాళ్ళను పలకరించావా అంటే, మాలకొండయ్య వద్దన్నాడంది. పల్లెల్లో కళ్ళు మంచివి కావు, బేరం చెడిపోతుంది అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కొనేవాళ్ళు కుళాయి తిప్పి చూస్తారు, గోడ తట్టి చూస్తారు, వాస్తు అడుగుతారు. పక్కింటివాళ్ళను మాత్రం ఒక్క మాట అడగరు. ఇంటికి సాక్షి పక్కిల్లే. ఆ సాక్షితో మాట్లాడొద్దన్న బ్రోకర్‌ను అక్కడికక్కడే వదిలేసి రావాలి. ఇది ఎంతమందికి చెప్పినా తలూపుతారు, అడ్వాన్సు ఇచ్చాక నా దగ్గరికి వస్తారు.

"గడప ముందు ముళ్ళకంప అడ్డం వేసి ఉందా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఉంది. ఆవులు రాకుండా అన్నారు."

ఆమె మెడలో చిన్న సిలువ వేలాడుతోంది. బేరం ఈమె దగ్గరికే ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది.

"ధనిష్ఠ నక్షత్రంలో ఎవరైనా పోతే మాలో ఆ ఇల్లు ఆరు నెలలు మూసేస్తారమ్మా. దీపం పెట్టరు, ఊడ్వరు, గుమ్మానికి కంప కొడతారు. ఊళ్ళోవాళ్ళు ఆ వైపు చూడరు కూడా. మా వాళ్ళలో ఎవరిని తీసుకొచ్చినా ఆ కంప చూడగానే వెనక్కి తిరుగుతారు. నీకు తెలియదు కాబట్టి నీకు చూపించారు."

"కాయితాలన్నీ సరిగ్గా ఉండాయని రిపోర్టిచ్చినారు మేడమ్. శివశంకర్ గారు."

ఆ పేరు వినగానే నా నోరు చేదయింది. నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకుని, నా ఆఫీసు ఎదురుగానే నాకంటే పెద్ద బోర్డు పెట్టుకున్న మహానుభావుడు.

"రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళి కూర్చో. నేను ఫోన్ చేసేదాకా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. ఎవరు అరిచినా సరే."

"మీరు చేయకపోతే? అడ్వాన్సు పోతుందంటారు. మా అమ్మ రోడ్డు మీద ఉంది మేడమ్."

"చేస్తాను" అన్నాను. మాట ఇచ్చేటప్పుడు మనిషి ముందువెనకలు చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

* * *

దిబ్బలపాళెం చేరేసరికి శివశంకర్ కారు ఆ ఇంటి ముందే ఉంది. కళ్ళజోడు తలమీదకు తోసుకుని, ఫోన్‌తో ఇంటి ఫోటోలు తీస్తున్నాడు. బ్రోకర్ పంపించాడట, కొనేవాళ్ళ భయం తీర్చడానికి.

"మీరు కూడా దయ్యాల కేసులకు దిగినారా మేడమ్?" అన్నాడు.

"నువ్వు దయ్యాలకు రిపోర్టులిస్తున్నావు గదా. చూసి పోదామని వచ్చాను."

"ఈసీ క్లీన్, ఇంటి మీద అప్పుల్లేవు. ఇంటి పన్ను కట్టినారు. దత్తత దస్తావేజుంది. డెత్ సర్టిఫికెట్టుంది. ఇంకేం కావాల?"

"డెత్ సర్టిఫికెట్ ఇచ్చినచోట అడిగావా?"

"దాని మీద నంబరుంది."

"నంబరు నా స్కూటర్ మీద కూడా ఉంది. ఇచ్చినచోట అడిగావా, లేదా?"

మళ్ళీ ఫోటోలు తీయడంలో పడ్డాడు. నేను అతన్ని అక్కడే వదిలేసి పక్క ప్రహరీ దగ్గరికి వెళ్ళాను. ఆ పక్క పెరట్లో పోలేరమ్మ అనే ఆవిడ ఎండుచేపలు తిరగేస్తోంది. నిన్న కెజియాకు ఎదురొచ్చినామె ఈమే. ఆమె ఇంటి తలుపులు తెరిచి ఉన్నాయి గానీ, ఆదిశేషమ్మ ఇంటివైపు కిటికీకి మాత్రం పాత దుప్పటి మేకులు కొట్టి బిగించి ఉంది. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఆ ఇంటికి వీపు పెట్టే నిలబడింది.

"ఆదిశేషమ్మ శవాన్ని చూశావా అక్కా?"

"యాడమ్మా! మెడ్రాసులోనే పోయింది, ఆడనే కాల్చేసినారంట. కొడుకు కిష్టయ్య ఒక్కడే వచ్చి చెప్పినాడు. ధనిష్ఠలో పోయింది, ఇల్లు మూయాల, ఎవురూ ఇటు రాబాకండని కంప కొట్టి పోయినాడు."

"శవం ఈ గడపకు వచ్చిందా?"

"రాలా."

"మరి ప్రాణం ఎక్కడ పోతే ఆ చోటు గదా మూయాలి? పోయింది చెన్నై ఆసుపత్రిలో. ఈ ఇల్లెందుకు మూసినట్టు?"

పోలేరమ్మ చేతిలో చేప కింద పెట్టింది.

"మాకూ అట్టనే అనిపించిందమ్మా. అడిగేదానికి ఎవురికి గుండె ఉండాది? పెంచుకున్న కొడుకే చెప్పినాక. నాలుగు రోజులనాడు మాపటేళ ఆమె ఈ గోడ కాడికొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచింది. 'పోలీ' అని. నన్ను అట్ట పిలిచేది ఆమె ఒక్కతే. నేను ఆడనే పడిపోయినా. మగోళ్ళు రాళ్ళేసి తరిమినారు."

"రాళ్ళు తగిలాయా?"

"తగిలుంటే మాత్రం ఏమమ్మా, దయ్యానికి."

"ఆ తర్వాత?"

"పూజారిని అడిగితే కూడు పెట్టు, ఆకలితో తిరగతా ఉంటది అన్నాడు. రోజూ మధ్యానం గోడ మీద కంచంలో పెట్టి, తిరిగి చూడకుండా వచ్చేస్తా. పొద్దున్నే కంచం తెచ్చుకుంటా, ఇయ్యాళ ఇంకా పోలా."

"కంచంలో ఏముంటుంది, తెచ్చుకునేటప్పుడు?"

"ఏముండదు. ఖాళీ."

నేను గోడ చివరికి నడిచాను. నిన్నటి కంచం ఇంకా అక్కడే ఉంది. కాకి తిన్న కంచంలో మెతుకులు చెదిరి ఉంటాయి. కుక్క తిన్న కంచం కింద పడి ఉంటుంది. ఇది రెండూ కాదు. శుభ్రంగా కడిగి, నీళ్ళు కారిపోయేలా గోడ మీద బోర్లించి ఉంది. అంచు మీద ఒక పక్క ముగ్గు రాయి లాంటిది పెట్టి ఉంది, గాలికి ఎగిరిపోకుండా. సముద్రపు గాలి ఎంత బలంగా వీస్తుందో తెలిసిన ఇంటి ఇల్లాలు పెట్టిన రాయి అది.

చేతిలో ఆ కంచం పట్టుకుని నిలబడ్డాను. దయ్యం అంటే కలగని భయం నాకు అప్పుడు కలిగింది.

"శివశంకర్! ఇలా రా. ఇది చూడు."

వచ్చి చూశాడు. "కంచం."

"దయ్యం కంచం కడుగుతుందా?"

"ఎవరో బిచ్చగత్తె దూరి ఉంటుంది" అన్నాడు, కానీ గొంతులో ముందున్న ఊపు లేదు. "మీ గొడవేంది మేడమ్? కేసులు లేక నా కేసుల మీద పడతా ఉండారా? పెంచలకృష్ణకు ఫోన్ చేసి తాళాలు తెప్పిస్తా. గది గదీ తెరిచి చూపిస్తా. అప్పుడన్నా ఒప్పుకుంటారా?"

"అతనికి ఫోన్ చేయొద్దు."

"ఎందుకు?"

"నీ రిపోర్టు నిజమైతే తొందరేముంది? అబద్ధమైతే, ముందుగా తెలియాల్సింది అతనికి కాదు."

వినలేదు. ఈ ఊళ్ళో సిగ్నల్ కావాలంటే రోడ్డు మీద కల్వర్టు దాకా పోవాలి. విసవిసా అటు నడిచాడు. నేను ఆపలేదు. ఆపాల్సింది.

* * *

ఆదిశేషమ్మ ఇంటి పెరటి తలుపు లోపల గడియ వేసి ఉంది. ముందు గుమ్మానికి బయట తాళం వేసి వెళ్ళిన ఇంటికి, లోపల గడియ ఎవరు వేస్తారు? గాలి ఆగిపోయింది. ఊరి చుట్టూ ఉన్న రొయ్యల గుంటల్లో ఇంజిన్ల చప్పుడు కూడా వినిపించడం లేదు.

తలుపు తట్టాను. దయ్యాన్ని పిలిచినట్టు కాకుండా, పక్కింటికి వెళ్ళి పిలిచినట్టు పిలిచాను.

"ఆదిశేషమ్మ గారూ! మీ కంచం తెచ్చాను."

మళ్ళీ తట్టాను. తర్వాత లోపల నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. ఒక అడుగు పడుతోంది, ఇంకోటి రాసుకుంటోంది. గడియ కదిలింది.

తలుపు సందులో ఒక మొహం. కుడి కన్ను పాలు విరిగినట్టు తెల్లగా ఉంది. ఎడమ కన్ను నా భుజం పక్కకు చూస్తోంది. పాదం వాచి, చీర పీలికతో కట్టు కట్టి ఉంది.

"ఎవురమ్మా?" అంది. "నన్ను గారూ అని పిలిచినావే! మనిషితో మాట్లాడినట్టు మాట్లాడినావే!"

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చెయ్యి వెతికి పట్టుకుని, వదలకుండా లోపలికి తీసుకెళ్ళింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నాకే కళ్ళు నిండాయి.

లోపల రెండు నెలల దుమ్ము. ఆ దుమ్ములో, నడుమెత్తున, ప్రతి గోడ మీదా ఒక చేతి చార. గోడ పట్టుకుని తన ఇంట్లో తాను తిరిగిన గుర్తు. అడుగుతుంటే ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆపరేషన్ అయ్యాక కళ్ళు ఇంకా మసకేశాయి. పెంచలకృష్ణ ఆమెను చెన్నై బయట ఏదో ముసలివాళ్ళ ఆశ్రమంలో చేర్చి, వారంలో వస్తానని వెళ్ళాడు. రాలేదు. అక్కడి కాపలా ఆవిడ జాలిపడి రైలెక్కించింది. సూళ్లూరుపేటలో దిగి, అడుక్కుంటూ బస్సులు మారి, రోడ్డు నుంచి సముద్రపు చప్పుడు పట్టుకుని నడిచి వచ్చింది.

"ముందు తలుపుకు కంప గుచ్చుకునింది. మా ఇంట్లో ఎవురు పోయినారా అనుకున్నా. పెరటి తలుపు నాకు తెలుసు, చెక్క ఎత్తితే వస్తది. పోలీని పిలిస్తే రాళ్ళేసినారు. నా ఊరు నన్ను రాళ్ళేసి కొట్టిందమ్మా. నేనేం పాపం చేసినా?"

జారిపోతున్న ఆమె కాలికట్టు సరిచేశాను.

"ఇంకొకటి అడగతా చెప్పు. నడవాలో గోడకు ఏదో పటం తగిలించినారు. దండ కూడా ఉండాది, పూలు వేళ్ళకు తగిలినాయి. ఎవురిదమ్మా ఆ పటం? ఎవురు పోయినారు?"

తలెత్తి చూశాను. పెద్ద ఫ్రేములో, ప్లాస్టిక్ చామంతుల దండ కింద, ఆమే. నుదుటి దగ్గర ఎర్ర బల్బు, వెలగడం లేదు. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళ కోసం తగిలించిన సాక్ష్యం అది.

"తర్వాత చెప్తానమ్మా" అన్నాను. "ముందు మనం బయటికి పోదాం. మీరు మనుషుల మధ్య నిలబడితే చాలు, ఇవాళ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది."

పెరటి గుమ్మంలో నీడ పడింది. శివశంకర్. ఆమెను చూశాడు, గోడ మీద పటాన్ని చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. తలమీది కళ్ళజోడు జారి కింద పడింది.

"నీ రిపోర్టులో చనిపోయినావిడ" అన్నాను. "నంబరు కూడా ఉందన్నావు."

"మేడమ్..." గోడకు ఆనుకున్నాడు. "నేను ఫోన్ చేసినా. లోపల ఎవరో ఉన్నట్టుందని చెప్పినా. 'ఇప్పటికే దారిలో ఉండా, లోపలికి పోయి మనిషిని పట్టుకో' అన్నాడు. రాత్రే బ్రోకర్ చెప్పినాడంట, కిటికీలో ఎవురో కనిపించినారని..."

అతని మాట పూర్తి కాలేదు. వెనక పెరటి తలుపు మూసుకుంది. గొలుసు లాగిన చప్పుడు. తాళం పడిన చప్పుడు.

నేను పరుగెత్తి తలుపు గుద్దాను. కదల్లేదు. కిటికీలన్నిటికీ ఇనుప కమ్మీలు. ముందు గుమ్మానికి తాళం, దాని ముందు కంప.

"కృష్ణా!" ఆదిశేషమ్మ చప్పుడు పోల్చుకుంది. "వచ్చినావా నాయనా! అన్నం తిన్నావా?"

బయట చెప్పులు ఆగాయి. అతను ఊపిరి తీసుకోవడం తలుపు సందులోంచి వినిపించింది.

"మేడమ్," అన్నాడు నాతో, నెమ్మదిగా, మర్యాదగా. "నాకు మీ మీద కోపం లేదు. రెండు గంటలకు సంతకాలయిపోతే మాపటేళ వచ్చి మాట్లాడతా. అందాకా అరవండి, ఎంతసేపైనా అరవండి. ఈ ఊళ్ళో ఈ ఇంటి కేక ఎవురూ వినరు."

బైకు శబ్దం దూరమైంది. శివశంకర్ కాలితో తలుపు తన్నుతున్నాడు. పాతకాలపు టేకు. తన్నినవాడికే దెబ్బ. నా ఫోన్‌లో ఒక్క గీత కూడా లేదు. కెజియా అక్కడ ఫోన్ చేతిలో పెట్టుకుని, నా పేరు కనిపిస్తుందేమోనని చూస్తూ ఉంటుంది. మాలకొండయ్య చెవిలో గోల పెడుతూ ఉంటాడు. వాళ్ళమ్మ మూటల మీద కూర్చుని ఉంటుంది.

పక్క కిటికీ తెరిచాను. అదృష్టం, పోలేరమ్మ కంచం పట్టుకుని గోడ దగ్గరికి వస్తోంది. మధ్యాహ్నపు కూడు.

"పోలేరమ్మక్కా! నేను విజయకుమారిని! ఇందాక మాట్లాడాను గదా! ఆదిశేషమ్మ బతికే ఉంది! తలుపుకు తాళం వేశారు, మనుషుల్ని పిలువు!"

ఆమె తలెత్తి సూటిగా నా మొహంలోకి చూసింది. నన్ను గుర్తుపట్టింది, అందులో అనుమానం లేదు. అప్పుడే నా వెనక నుంచి ఆదిశేషమ్మ తెల్లటి కన్ను కూడా కిటికీ దగ్గరికి వచ్చింది. "పోలీ..." అని పిలిచింది.

కంచం నేల మీద పడి దొర్లింది.

"అయ్యో! ఈ యమ్మను కూడా పట్టుకునిందే! ఆమె గొంతుతో పిలవతా ఉండాదే!" అరుస్తూ పరుగెత్తింది. వాళ్ళ తలుపు మూసుకుంది. ఆ పక్క ఇంటి తలుపు, ఆపైన ఇంకో తలుపు. వీధి పొడవునా గడియలు పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

నేను మళ్ళీ అరిచాను. ఇంకా గట్టిగా అరిచాను. ఆదిశేషమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి నా భుజం మీద వాలింది.

"అరవబాకమ్మా. గొంతు పోద్దంతే. నేనూ ఇట్టనే అరిసినా" అంది. "ఇంక నిన్నూ చచ్చినోళ్ళలోనే కలిపేస్తారు."